అరువు పనిముట్టుకు పూచీ ఎవరిది?

మన ఊళ్లలో పనిముట్టు అరువు తెచ్చుకొనుట ఎన్నడూ తప్పు కాలేదు. పెండ్లికి గుండిగలు, వలీమా విందుకు దేగులు, ఇల్లు కప్పించునప్పుడు నిచ్చెన, బావిలో జారిన బొక్కెనను పైకి తీయుటకు పాతాళగరిగె — ఇవి ప్రతి ఇంటిలో ఉండవు, ఉండనక్కరలేదు కూడ. అయితే అరువు తెచ్చిన ఇల్లాలికి మూడు సంగతులు తప్పక తెలిసి ఉండేవి. ఆ వస్తువు ఎవరిది? దానిని ఏ పనికి తెచ్చినాము? సొట్ట పడిన యెడల బాగు చేయించు పూచీ ఎవరిది? ఈ మూడింటికి జవాబు లేని అరువు ఏ ఇంటికీ మర్యాద కాదు.

కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాయువారి లోకంలో కూడ అరువు ఉన్నది. ఇతరులు వ్రాసి, పరీక్షించి, అందరి ఉపయోగానికై ఉంచిన ప్రోగ్రాము భాగాల సంపుటిని అక్కడ లైబ్రరీ అందురు. మనిషి చదువగల రూపంలో ఉన్న ప్రోగ్రామును యంత్రం నడుపగల రూపంలోనికి కూర్చు పనిని బిల్డు అందురు. బిల్డుకు సంబంధించిన ఒక ఫైలులో ఫలానా లైబ్రరీ కావలెనని ఒక్క పంక్తి వ్రాసినచో చాలు. యంత్రమే ఇంటర్నెట్ ద్వారా దానిని తెచ్చి మన ప్రోగ్రాములో కలుపును. అరువు ఇంత సులభమైనందువలననే పైన చెప్పిన మూడు ప్రశ్నలను అడుగుట మేము మరచిపోయినాము. ఆ మరపుకు మా కళాశాల చెల్లించిన మూల్యం గురించి, ఇక ముందు ఏమి చేయవలెననుట గురించి, కంప్యూటర్ విభాగపు విద్యార్థులమైన మేము ఈ పుటలలో మా అభిప్రాయాన్ని విన్నవించుకొనుచున్నాము.

జరిగినది దాచుట మాకు ఇష్టం లేదు. మా కళాశాల గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పుస్తకాల పట్టికను, పుస్తకాలు తీసుకొన్నవారి పద్దును చూచు ప్రోగ్రామును మా సీనియర్లు వ్రాసి ఇచ్చి వెళ్లినారు. అది చక్కగా నడిచినది. గత సంవత్సరం వేసవిలో ఆ కంప్యూటర్ చెడిపోయినది. పద్దుల నకలు భద్రంగానే ఉన్నందున మేము ధైర్యంగా కొత్త యంత్రం ముందు కూర్చుండి ప్రోగ్రామును మళ్లీ బిల్డు చేయబోయినాము. బిల్డు ఆగిపోయినది. సీనియర్లు అందులో ఒక బయటి లైబ్రరీని చేర్చి, ఏ వెర్షన్ కావలెనో వ్రాయక, అన్నిటికన్న కొత్తది తెమ్మని మాత్రం వ్రాసి ఉంచినారు. ఈలోగా ఆ లైబ్రరీ మారిపోయినది. మా ప్రోగ్రాము పిలుచు పేర్లు కొత్త వెర్షనులో లేవు. పాత వెర్షన్ ఏదో మాలో ఎవరికీ తెలియదు; ఎక్కడా వ్రాసి లేదు.

అది టి.సి.లు ఇచ్చు కాలం. గ్రంథాలయానికి బాకీ లేదను చీటీ లేనిదే టి.సి. రాదు. పై చదువులకు కౌన్సెలింగ్ తేదీలు దగ్గర పడిన విద్యార్థినీ విద్యార్థులు గ్రంథాలయం వాకిట నిలిచినారు. లైబ్రేరియన్ గారు పాత రిజిస్టర్లు దించి, ఒక్కొక్క పేరు వెదకి, చేతితో చీటీలు వ్రాసి ఇచ్చినారు. ఆ రోజులలో ఆయన భోజనానికి కూడ సరిగా లేచినట్లు మేము చూడలేదు. ఎవరి సీటూ పోలేదు. అది ఆయన చలవ, మా ప్రతిభ కాదు. తప్పు ఆ లైబ్రరీని వ్రాసినవారిది కాదు. అది మా విభాగానిది.

దీని తరువాత రెండు వాదాలు బయలుదేరినవి. కమిటీలోని కొందరు పెద్దలు, ఇకమీదట విద్యార్థులు వ్రాయు ప్రోగ్రాములలో బయటి లైబ్రరీ ఒక్కటి కూడ ఉండరాదని నియమం పెట్టవలెనన్నారు. మాలో కొందరు, ప్రపంచమంతా ఇట్లే నడుచుచుండగా మనకేల ఈ భయమని, కావలసినది కావలసినప్పుడు చేర్చుకొను స్వేచ్ఛ ఉండవలెనన్నారు. మా దృష్టిలో ఈ రెండు వాదాలకు మూలం ఒక్కటే: ఇరువురూ ఆలోచించు శ్రమను తప్పించుకొనగోరుచున్నారు. బయటి లైబ్రరీని చేర్చుట పాపమూ కాదు, చిల్లర పనీ కాదు. అది జామీను సంతకం వంటిది. సంతకం చేయువాడు చదివి చేయవలెను.

మొదట నిషేధవాదాన్ని చూతము. బయటి లైబ్రరీలు నేటి సోమరితనం వలన పుట్టినవని పెద్దలలో ఒక అపోహ ఉన్నది. చరిత్ర అట్లు చెప్పదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అను కంప్యూటర్ 1949లో పని ప్రారంభించినది. దానితో పాటే, తరచుగా అవసరమగు లెక్కల భాగాలను కాగితపు టేపులపై రంధ్రాలుగా పొడిచి ఒక బీరువాలో భద్రపరచి, కావలసినవారు తీసి తమ ప్రోగ్రాములో కలుపుకొను పద్ధతిని అక్కడివారు ఏర్పరచుకొన్నారు. విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు 1951లో దానిని గురించి పుస్తకమే ప్రకటించినారు. కనుక లైబ్రరీ అను భావన కంప్యూటర్ అంత పాతది. అయితే ఆ బీరువా వారి గదిలోనే ఉండెను. టేపు వ్రాసినవాడు ప్రక్క గదిలో ఉండెను. నేడు బీరువా ఎక్కడ ఉన్నదో, టేపు వ్రాసినవాడు ఎవరో మనకు తెలియదు. మారినది అరువు కాదు, దూరం.

ఈ సంవత్సరం మేము ఆ ప్రోగ్రామును తిరిగి వ్రాయ పూనుకొన్నాము. వ్రాయుచుండగా మూడు లైబ్రరీలను చేర్చవలెనని మూడు ప్రతిపాదనలు వచ్చినవి. ఈ మూడింటిని విడివిడిగా పరిశీలించినచో, ఎప్పుడు చేర్చవలెను, ఎప్పుడు చేర్చరాదు అను విషయం సూక్తుల కన్న స్పష్టంగా బోధపడును.

మొదటి ప్రతిపాదన అక్షరాల కూర్పుకు సంబంధించినది. పుస్తకం వెన్నుపై అంటించు చీటీలను ప్రోగ్రామే నేరుగా గీసి ముద్రించవలెనని మా కోరిక. ఇది స్వయంగా చేయగలమని మేము భ్రమపడినాము. తెలుగులో 'స్త్రీ' అని వ్రాసినప్పుడు కంటికి ఒక్క అక్షరమే కనబడును. కంప్యూటర్ మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలను వరుసగా దాచుకొనును. ఆ ఆరింటిని చదివి, ఏది పైన, ఏది క్రింద, ఏది ప్రక్కన అని నిర్ణయించి ఒక్క అక్షరంగా గీయవలెను. ఉర్దూ సంగతి మరింత సున్నితం. అక్కడ ఒకే అక్షరం విడిగా ఉన్నప్పుడు ఒక రూపం, మాట మొదట ఒక రూపం, నడుమ ఒక రూపం, చివర ఒక రూపం ధరించును. నస్తాలీఖ్ లిపిలోనైతే మాట మొత్తం కుడి నుండి ఎడమకు ఏటవాలుగా దిగి వచ్చును. చుక్కలు ఒకదానిపై ఒకటి పడకుండ జరుగవలెను. మేము పదిహేను రోజులు కష్టపడి ముద్రించిన చీటీపై తెలుగు వత్తులు విడిపోయి ప్రక్కన నిలిచినవి. ఉర్దూ మాటలు ముక్కలై ఎడమ నుండి కుడికి నడిచినవి. ఉర్దూ విభాగపు గురువుగారు ఆ చీటీని చూచి నవ్వలేదు, కోపపడలేదు. నిశ్శబ్దంగా తిరిగి ఇచ్చినారు. ఆ నిశ్శబ్దం మాకు ఇప్పటికీ గుర్తున్నది.

ఈ పనికై ప్రపంచంలో హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ ఉన్నది. ఆ పేరు పారసీక పదాల నుండి వచ్చినది: హర్ఫ్ అనగా అక్షరం, బాజ్ అనగా తెరచినది. ఇరాన్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన బెహ్‌దాద్ ఇస్ఫహ్‌బోద్ దాని ప్రధాన నిర్మాత. ఆండ్రాయిడ్ ఫోన్లలోను, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోను, లిబ్రె ఆఫీసులోను అక్షరాలను కూర్చునది ఇదే. మన విద్యార్థులు ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగు గాని ఉర్దూ గాని చదువునప్పుడెల్లా, పేరు ఎరుగకయే ఈ లైబ్రరీ సేవను పొందుచున్నారు. ఇటువంటి దానిని మేము ఒక సంవత్సరంలో కాదు, పది సంవత్సరాలలో కూడ వ్రాయలేము. అక్షరాల కూర్పు ఎంత కష్టమో తెలియుటకు ఒక్క ఉదాహరణ చాలు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షర సంయోగం తెరపైకి రాగానే ఐఫోనులలో కొన్ని ప్రోగ్రాములు కూలిపోయినవి. అంత పెద్ద సంస్థ కూడ ఆ నెలలోనే ప్రత్యేకంగా సవరణ విడుదల చేయవలసి వచ్చినది. కనుక బయటి లైబ్రరీ వద్దను నియమం మా కళాశాలలో అమలైనచో మొదట విరుగునవి మన రెండు భాషల అక్షరాలే అని కమిటీ వారికి సవినయంగా మనవి చేయుచున్నాము.

అయితే ఇక్కడ కూడ ఒక పాఠం నేర్చినాము. హార్ఫ్‌బజ్ అక్షరాలను కూర్చును గాని, ఒకే పంక్తిలో ఉర్దూ, తెలుగు కలిసి వచ్చినప్పుడు ఏ భాగం ఎటు నడువవలెనో నిర్ణయించదు. దానికి ఫ్రిబిడి అను మరొక లైబ్రరీ కావలసి వచ్చినది. నస్తాలీఖ్ అక్షరాల ఫాంటు మరొకటి. ఒక్క అతిథిని పిలిచినాము, ముగ్గురు వచ్చినారు. మువ్వురూ అవసరమైనవారే కనుక మువ్వురి పేర్లు వ్రాసుకొని లోపలికి ఆహ్వానించినాము. పేరు వ్రాసుకొనుట ఇక్కడ ముఖ్యం.

రెండవ ప్రతిపాదన విచిత్రమైనది. మా గ్రంథాలయంలో పుస్తకపు వరుస సంఖ్య ఆరు అంకెలుగా కనబడవలెను. 742వ పుస్తకం 000742 అని ముద్రితం కావలెను. సంఖ్యకు ఎడమ ప్రక్క సున్నలు చేర్చు ఈ పనికి కూడ ఒక బయటి ప్యాకేజీని చేర్చుదమని మాలో ఒక మిత్రుడు ప్రతిపాదించినాడు. మొదటి సంవత్సరం విద్యార్థి పది నిమిషాలలో వ్రాయగల పని అది. ఎందుకు చేర్చవలెనని అడుగగా, అందరూ చేర్చుచున్నారు కదా అన్నాడు.

నిజమే, అందరూ చేర్చినారు. దాని ఫలితం కూడ అందరూ చూచినారు. జావాస్క్రిప్టు ప్రోగ్రాములకు ఎన్.పి.ఎం. అను పెద్ద భాండాగారం ఉన్నది. అందులో లెఫ్ట్-ప్యాడ్ అను ప్యాకేజీ ఉండెను. మాటకు గాని సంఖ్యకు గాని ఎడమ ప్రక్క ఖాళీలనో సున్నలనో చేర్చుటయే దాని పని. మొత్తం 11 పంక్తులు. దాని రచయితకు మరొక ప్యాకేజీ పేరు విషయంలో ఒక కంపెనీతో వివాదం వచ్చినది. భాండాగారం వారు ఆ పేరును కంపెనీకి ఇచ్చినందుకు అలిగి, 2016 మార్చి 22న ఆయన తన ప్యాకేజీలన్నిటినీ తీసివేసినాడు. వెంటనే ప్రపంచమంతటా అసంఖ్యాకమైన బిల్డులు ఆగిపోయినవి. విశేషమేమనగా, ఆగిపోయిన వారిలో అనేకులు లెఫ్ట్-ప్యాడ్ పేరు కూడ వినలేదు. వారు కోరినది ఒక పెద్ద లైబ్రరీని. అది మరొక దానిని కోరినది. అది ఇంకొక దానిని కోరినది. ఆ గొలుసు చివర ఈ 11 పంక్తులు ఉండెను. రెండు గంటలకు పైగా గడచిన తరువాత భాండాగారం వారే దానిని తిరిగి నిలిపినారు.

ఆ రచయితను మేము నిందించము. ఆయన సొత్తు ఆయన తీసుకొన్నాడు. తమ ఇంటి తలుపు గడియను పరుల ఇంటిలో పెట్టుకొన్నవారి వివేకమే ఇక్కడ ప్రశ్న. మా మిత్రుని ప్రతిపాదనను మేము అంగీకరించలేదు. ఆయనే కూర్చుండి సున్నలు చేర్చు భాగాన్ని వ్రాసినాడు. ఆరు అంకెలు దాటిన సంఖ్య వచ్చిన యెడల ఏమగునో కూడ పరీక్షించినాడు. తాను వ్రాసిన దానిని జూనియర్లకు వివరించునప్పుడు ఆయన ముఖంలోని తృప్తిని ఏ బయటి ప్యాకేజీయూ ఇచ్చి ఉండదు.

మూడవ ప్రతిపాదన పై రెండింటి వంటిది కాదు. పుస్తకం తిరిగి ఇవ్వవలసిన గడువు సెలవు దినాన పడరాదు. రంజాన్, బక్రీద్ తేదీలను ముందుగా లెక్కించుటకు హిజ్రీ తేదీల లైబ్రరీ ఒకటి చేర్చినాము. అది ప్రసిద్ధమైనది, చక్కగా వ్రాసినది. అయినను పరీక్షించి చూడగా పండుగ మన ఊరి తేదీకి ఒక రోజు ముందే వచ్చినది. కారణం వెదకగా, ఆ లైబ్రరీ సౌదీ అరేబియాలో వాడు ఉమ్ముల్ ఖురా పంచాంగాన్ని అనుసరించునని తెలిసినది. అది ముందుగా గణించిన పంచాంగం. మన దేశంలో నెలవంక కనబడిన తరువాత పెద్దలు ప్రకటించు తేదీయే తేదీ. లైబ్రరీలో తప్పు లేదు. తాను చెప్పిన పనిని అది సరిగానే చేసినది. మేము కోరినది మాత్రం అది కాదు. పండుగ నాడు గడువు పెట్టి, మరునాడు విద్యార్థుల నుండి జరిమానా వసూలు చేయు ప్రోగ్రామును మేము దాదాపు తయారు చేసినాము. చివరకు ఆ లైబ్రరీని తీసివేసి, సెలవుల జాబితాను లైబ్రేరియన్ గారే నింపుకొను ఒక చిన్న పట్టికను అమర్చినాము. ప్రసిద్ధమైనది, మనకు తగినది — ఈ రెండు వేరు వేరు మాటలు.

ఇక స్వేచ్ఛావాదుల వైపు తిరుగుదము. ఉచితంగా లభించు లైబ్రరీలను మేము వక్ఫ్ ఆస్తితో పోల్చి చూచినాము. ఒక పుణ్యాత్ముడు బాటసారులకై బావి త్రవ్వించి వదలిపెట్టును. మనవారిలో సత్రాలు, చలివేంద్రాలు పెట్టించినవారి ఉద్దేశం కూడ ఇదియే. త్రాగువారు వేలమంది. కాని మోటబావి గిలకకు చమురు వేయువాడు, ఒరలోని ఇటుక జారినప్పుడు చూచువాడు ఒక్కడే ఉండును. వక్ఫ్‌లో అతనిని ముతవల్లీ అందురు. ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలు వాడుకొను అనేక లైబ్రరీలకు ముతవల్లీ ఒక్కడే. అతనికి జీతం లేదు.

దీని పర్యవసానం 2024లో లోకానికి తెలియవచ్చినది. ఫైళ్లను కుదించి చిన్నవి చేయు ఎక్స్‌జెడ్ అను లైబ్రరీ లినక్స్ యంత్రాలలో దాదాపు అంతటా ఉన్నది. లాసె కొలిన్ అను ఆయన దానిని ఏండ్ల తరబడి వేతనం లేకయే సాకినాడు. జియా టాన్ అను పేరుతో ఒకరు 2021 నుండి ఓర్పుతో చిన్న చిన్న సాయాలు చేయుచు వచ్చినారు. మరికొన్ని పేర్లతో ఉత్తరాలు వచ్చినవి: పని ఆలస్యమగుచున్నది, మరొకరికి అప్పగింపుమని. అలసిన ముతవల్లీ క్రమంగా తాళాలు పంచుకొన్నాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడిన రెండు వెర్షనులలో, దూరం నుండి యంత్రంలోనికి ప్రవేశించుటకు ఒక దొంగ ద్వారం అమర్చబడినది. అది ఎక్కడ దాగినదో మా వంటి విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలెను. అందరూ చదువగల బహిరంగ మూలంలో అది పూర్తిగా కనబడదు. పరీక్షల కొరకని చెప్పి ఉంచిన ఫైళ్లలో విషం. దానిని బయటికి తీయు మంత్రం, విడుదల చేసిన మూటలోని బిల్డు ఫైలులో. అనగా బిల్డు జరుగు క్షణంలోనే ద్వారం తయారగును.

దానిని కనిపెట్టినది ఏ కాపలా సంస్థయూ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజినీరు, తన యంత్రంలోనికి ప్రవేశించుటకు సుమారు అర సెకను అధికంగా పట్టుచున్నదేమని అనుమానించి, తీగ పట్టుకొని డొంక వరకు పోయి, మార్చి 29న లోకానికి తెలియజేసినాడు. అప్పటికి ఆ వెర్షనులు కొన్ని లినక్స్ వ్యవస్థల ప్రయోగ దశలోనికి మాత్రమే చేరి ఉండెను. అర సెకనును పట్టించుకొన్న ఒక్క మనిషి వలన ముప్పు తప్పినది. ఉచితమని అందరూ త్రాగిన బావికి అందరూ కలిసి ఒక కాపలావానిని పోషించలేకపోయిరి అనునది ఈ కథలోని నీతి.

అట్లయిన ఒకసారి తెచ్చిన వెర్షనునే పట్టుకొని, ఎన్నటికీ మార్చకుండ కూర్చున్నచో క్షేమమా? అదియు కాదు. అమెరికాలో ప్రజల అప్పుల వివరాలు దాచు ఈక్విఫాక్స్ అను కంపెనీ అపాచీ స్ట్రట్స్ అను లైబ్రరీని వాడెను. అందులోని లోపం 2017 మార్చిలో బయటపడినది. సవరణ కూడ అప్పుడే ఉచితంగా విడుదలైనది. కంపెనీ దానిని తన యంత్రాలన్నిటిలో అమర్చుకొనలేదు. మే నుండి జూలై వరకు దొంగలు ఆ మార్గాననే ప్రవేశించి సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలను తీసుకొనిపోయినారు. 2021 డిసెంబరులో లాగ్4జె అను లైబ్రరీలో ఘోరమైన లోపం వెల్లడియైనప్పుడు, అనేక సంస్థలకు మొదటి కష్టం దానిని సవరించుట కాదు. అది తమ ప్రోగ్రాములలో ఎక్కడెక్కడ ఉన్నదో తెలిసికొనుటయే. ఇంటిలో ఏమున్నదో ఎరుగని గృహస్థు దేనిని కాపాడును?

కనుక మార్పును గుడ్డిగా స్వీకరించుట ఒక ప్రమాదం, గుడ్డిగా నిరాకరించుట మరొక ప్రమాదం. రెంటికీ మందు ఒక్కటే: ప్రతి అరువుకు ఒక పూచీదారు ఉండుట. ఈ భావంతో మేము కమిటీ వారి ముందు ఐదు సూచనలు ఉంచుచున్నాము.

మొదటిది, కంప్యూటర్ విభాగంలో ఒక పూచీ పుస్తకం ఉండవలెను. చేర్చిన ప్రతి లైబ్రరీ పేరు, దానిని ఏ పనికి తెచ్చినాము, దాని వెంట మరేవి వచ్చినవి, దాని బాగోగులు చూచువారెవరు, ఏ వెర్షన్, మన విద్యార్థులలో దానికి జవాబుదారు ఎవరు — ఇవి అందులో వ్రాయవలెను. జవాబుదారు చదువు ముగించి వెళ్లునాడు తన స్థానంలో మరొకరి పేరు వ్రాయించనిదే అతనికి బాకీ లేదను చీటీ ఇవ్వరాదు. మా సీనియర్ల లోపం తెలివిలో లేదు, అప్పగింతలో ఉన్నది.

రెండవది, వెర్షన్ సంఖ్యను బిల్డు ఫైలులో ఖచ్చితంగా వ్రాయవలెను. తెచ్చిన మూట మారలేదని తెలియజేయు సరిచూపు సంఖ్యను దాని ప్రక్కన ఉంచవలెను. ప్రతి లైబ్రరీ నకలును కళాశాల యంత్రంలోనే భద్రపరచవలెను. ప్రతి టర్ము చివర ఒక ఖాళీ యంత్రంపై, ఇంటర్నెట్ తీగ తీసివేసి, లైబ్రేరియన్ గారి సమక్షంలో బిల్డు చేసి చూపవలెను. అది నడిచిననాడే ప్రోగ్రాము కళాశాలది. నడువనినాడు అది ఎవరి దయతోనో బ్రతుకుచున్నది.

మూడవది, అనుమతి పత్రాన్ని చదువవలెను. ఉచితం అన్న మాటకు అర్థాలు అనేకం. ఎం.ఐ.టి. అనుమతి క్రింద ఉన్న లైబ్రరీని వాడినచో రచయిత హక్కు ప్రకటనను, అనుమతి పాఠాన్ని నిలుపవలెను. జి.పి.ఎల్. క్రింద ఉన్న దానిని కలిపి మన ప్రోగ్రామును ఇతరులకు పంచినచో, మన ప్రోగ్రాము మూలాన్ని కూడ అదే షరతుతో వారికి అందుబాటులో ఉంచవలెను. ఏ అనుమతియూ వ్రాసి లేనిదైతే అది ఉచితం కాదు; అడుగకుండ తీసుకొనరాదు. ఇంటర్నెట్‌లో కనబడినదెల్లా మనదను ఆలోచన అమానతు భావానికి విరుద్ధం.

నాలుగవది, మనం వ్రాసి, పరీక్షించి, జూనియరుకు ఒక గంటలో బోధించగలిగిన పనికి అరువు వద్దు. దీనికి ఒక మినహాయింపు ఉన్నది. పాస్‌వర్డులను భద్రపరచుట, గుప్తలిపి వంటివి చిన్నవిగా కనబడినను వాటిని సొంతంగా వ్రాయ సాహసించరాదు. అక్కడ అనేకుల కండ్లు పడి రాటుదేలినదే శ్రేయస్కరం. పని చిన్నదా పెద్దదా అనుటకన్న, తప్పిన యెడల ఎవరికి ఎంత నష్టం అనునది సరియైన కొలత.

ఐదవది, త్రాగిన బావికి ఒక బొక్కెన మట్టి అయినా తీయవలెను. భద్రతా ప్రకటనలను నెలకొకసారి చూచి అవసరమైన సవరణలను అమర్చుట మన ఇంటి పని. దానికి మించి, ఆ లైబ్రరీల పెంపకంలో కూడ మనం చేయి కలుపవచ్చును. ప్రపంచంలోని ఎందరో మేటి ఇంజినీర్లకు తెలుగు చదువ రాదు, ఉర్దూ చదువ రాదు. ఏ వత్తు తప్పు చోట పడినదో, ఏ నుక్తా జారినదో వారి కంటికి ఆనదు. మన మొదటి సంవత్సరం విద్యార్థి కంటికి ఆనును. రెండు లిపులు ఒకే చూరు క్రింద నేర్పు మన కళాశాల ఈ సేవకు ఎంతో అనువైన చోటు. తప్పు కనబడినప్పుడు, అది ఎట్లు పుట్టినదో, ఎట్లు ఉండవలెనో వివరించి పంపినచో అది కూడ ఒక దానమే. కమిటీ వారు ఏటా ఒక చిన్న మొత్తాన్ని, మనం ఆధారపడిన లైబ్రరీల పోషణకు పంపగలిగిన యెడల అది మన కళాశాల గౌరవాన్ని పెంచును.

ఇంత తతంగం ఒక విద్యార్థి ప్రోగ్రాముకు అవసరమా అని మా మిత్రులు కొందరు అడుగుదురు. చదువు ముగించి ఉద్యోగంలో చేరినప్పుడు పెద్ద కంపెనీలలో వేలకొద్ది లైబ్రరీలు చేర్చి ఉండగా చూతుమని, అక్కడ ఈ పుస్తకం ఎవరు వ్రాయుదురని వారి ప్రశ్న. మా జవాబు ఇది: అక్కడ వ్రాయువారు లేరు కనుకనే ఇక్కడ వ్రాయుట నేర్వవలెను. రేపు మన విద్యార్థి హైదరాబాదులోనో, మరే దేశంలోనో ఆస్పత్రికి, బ్యాంకుకు, రైళ్లకు ప్రోగ్రాము వ్రాయును. ఆనాడు అతని వ్రేలు బిల్డు ఫైలులో ఒక్క పంక్తి చేర్చుటకు లేచినప్పుడు, ఒక్క క్షణం ఆగి, ఇది ఎవరిది, ఎందుకు, పూచీ ఎవరిది అని అడుగు అలవాటు ఉన్నచో అది మన కళాశాల ఇచ్చిన చదువు. డిగ్రీ పట్టాపై ఆ సంగతి వ్రాసి ఉండదు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! స్వేచ్ఛను కోరుదము, పూచీతో సహా కోరుదము. కమిటీ పెద్దలారా! మమ్ము నిషేధించవద్దు, నిలదీయుడు. వచ్చే వేసవిలో మరల టి.సి.ల కాలం వచ్చును. మరల ఆ వాకిట విద్యార్థులు నిలుతురు. ఆనాడు లైబ్రేరియన్ గారు వేళకు భోజనానికి లేచి వెళ్లగలిగిన యెడల, మా ప్రోగ్రాము ఉత్తీర్ణమైనట్లే అని మేము భావించెదము.